లాల్‌బాగ్‌లో ఒక్క పూట: ఫ్లవర్ షోకి వెళ్లాలా, చెట్లకి వెళ్లాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సంక్రాంతి సెలవుల్లో బెంగళూరు వస్తున్నారు. ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వెంట ఉంటారు. లాల్‌బాగ్‌కి ఒక్క పూటే కుదురుతుంది. ఫ్లవర్ షో మొదలయ్యాక వెళ్లాలా, ముందే వెళ్లాలా? 240 ఎకరాల్లో ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

ముందే వెళ్లండి. పొద్దున ఆరున్నర, ఏడు మధ్య లోపల ఉండండి. మూడు గంటల్లో పది పన్నెండు చెట్లు మాత్రం చూడండి. ప్రతి చెట్టు దగ్గరా తలెత్తే ముందు కింద నేల చూడండి. మిగతాదంతా దీనికి వివరణే.

ఫ్లవర్ షో ఏటా రెండుసార్లు, జనవరి 26కి ఒకటి, ఆగస్టు 15కి ఒకటి, ఒక్కోటి పది రోజుల పైనే జరుగుతుంది. జనవరి షో సాధారణంగా నెల మధ్యలో మొదలవుతుంది కాబట్టి మీ సెలవుల చివరి రోజులు దాంట్లో పడొచ్చు. షో బాగుండదని కాదు. గ్లాస్‌హౌస్ నిండా పూలతో కట్టిన కట్టడాలు, కుండీల వరసలు కళ్లకి పండగే. కానీ అక్కడ కనిపించేవి ఎక్కువగా బంతి, చామంతి, పెటూనియా, సాల్వియా లాంటి సీజన్ మొక్కలు. అవి మీ ఊరి నర్సరీలోనూ దొరుకుతాయి. లాల్‌బాగ్‌లో తప్ప పక్కపక్కన దొరకనివి ఆ పెద్ద చెట్లు. షో రోజుల్లో టికెట్ వేరు, క్యూ వేరు, జనం తోపులాటలో ఒక చెట్టు కింద పది నిమిషాలు నిలబడటం అయ్యే పని కాదు. అత్తగారికి కూర్చోవడానికి బెంచీ దొరకడం కూడా కష్టమే.

లోపలికి వెళ్లే ముందు ఈ తోట సంగతి ఒక్క ముక్క. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు పెంచాడు. 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. 1908 నుంచి 1932 వరకు సూపరింటెండెంట్‌గా ఉన్న క్రుంబిగల్ జర్మన్, లండన్‌లోని క్యూ (Kew) బొటానికల్ గార్డెన్స్‌లో పనిచేసి వచ్చినవాడు. ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా నాటించే పద్ధతి ఆయనదేనని బెంగళూరులో చెబుతారు. అందుకే ఏ నెలలో వెళ్లినా చేతులూపుకుంటూ తిరిగి రారు. ఇప్పుడు ఇది కర్ణాటక ఉద్యానవన శాఖ చేతిలో ఉంది.

రాకపోకలు. కారు వద్దు. మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ వెస్ట్ గేట్ దగ్గరే ఉంది. కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌లో దిగితే అదీ గ్రీన్ లైనే, రైలు మారే పనిలేదు. నగర రైల్వే స్టేషన్ దగ్గరి మెజెస్టిక్ నుంచయితే చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజ్ దాటాక నాలుగోది లాల్‌బాగ్. వెస్ట్ గేట్‌లో దూరి, గ్లాస్‌హౌస్ మీదుగా నడిచి, డబుల్ రోడ్ వైపు పెద్ద గేట్ దగ్గర కెంపేగౌడ బురుజు ఉన్న బండతో ముగించండి. వచ్చిన దారినే తిరిగి నడవక్కర్లేదు. అత్తగారికి లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతాయి. కానీ పొద్దున్నే దొరకకపోవచ్చు. అందుకని ఆవిడని గ్లాస్‌హౌస్ చుట్టుపక్కల బెంచీ మీద కూర్చోబెట్టి, అక్కణ్నుంచి మీరు చిన్న చిన్న చుట్లు కొట్టి రావడం నయం. బండ ఎక్కించొద్దు. మెట్లు లేని ఏటవాలు అది, ఇసుక రేణువుల మీద కాలు జారుతుంది.

టికెట్ రేటు తరచూ మారుతుంది, గేటు దగ్గర బోర్డు చూసుకోండి. సంచిలో పెట్టుకోవాల్సినవి: మామూలు 8×40 బైనాక్యులర్, పది రెట్లు చూపించే చేతి లెన్సు (స్టేషనరీ షాపుల్లో దొరికే పెద్ద భూతద్దం ఇక్కడ పనికిరాదు), ఒక తెల్ల కాగితం, చిన్న స్కేలు, స్వెటర్. జనవరి పొద్దున బెంగళూరులో 15, 16 డిగ్రీలు ఉంటుంది. మన వైపు నుంచి వచ్చేవాళ్లు ఇది మర్చిపోయి వణుకుతారు.

నేల ఎందుకు చూడమంటున్నాను? ఇక్కడి పాత చెట్లకి మొదటి కొమ్మే ముప్పై నలభై అడుగుల ఎత్తులో ఉంటుంది. పువ్వు ఇంకా పైన. కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసినా ఆకాశం ముందు నల్లటి నీడే కనిపిస్తుంది. చెట్టు తన పువ్వు, కాయ, ఆకు అన్నీ కిందికి పంపిస్తూనే ఉంటుంది. ఊడ్చేవాళ్లు ఏడెనిమిది గంటలకల్లా వచ్చేస్తారు. అందుకే ఆరున్నర అన్నాను. రాత్రి రాలినవన్నీ అప్పటికి పడ్డచోటే ఉంటాయి. రాలినవాటిని తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫోటో తీసి, మళ్లీ అక్కడే వదిలేయండి. అనుమతి లేకుండా కొమ్మ కోయడం, హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కని అతికించే కాగితం) కోసం రెమ్మలు తెంపడం చేయకూడదు. ఒక జాగ్రత్త: కింద పడ్డది ఆ చెట్టుదే అని ఖాయం చేసుకోవాలి. పక్క చెట్టు కొమ్మ మీదికి వాలి ఉంటుంది, తీగ పాకి ఉంటుంది, లేదా గాలి తెచ్చి పడేసి ఉంటుంది. ఒకే రకం పువ్వులు గుండ్రంగా, చెట్టు గొడుగు మేరా పరుచుకుని ఉంటే నమ్మొచ్చు.

ఇక చెట్లు.

నాగమల్లి. కొందరు నాగలింగ పుష్పం అంటారు. శాస్త్రీయ నామం కౌరోపిటా గయానెన్సిస్. మీ అమ్మాయికి ఒక్క చెట్టే చూపించగలిగితే ఇదే చూపించండి, దీని దగ్గర అరగంట గడిచినా పర్వాలేదు. పూలు కొమ్మ చివర కాకుండా మాను మీద నుంచే, తాళ్లలా వేలాడే కాడల మీద పూస్తాయి. అందుకే బైనాక్యులర్ అక్కర్లేదు, కళ్లకి ఎదురుగానే ఉంటాయి. రాలిన పువ్వొకటి చేతిలోకి తీసుకోండి. ఆరు మందపాటి ఆకర్షణపత్రాలు (పూరేకులు), లోపల పసుపు, అంచుల్లో గులాబీ ఎరుపు. మధ్యలో పడగ విప్పినట్టు వంగి ఉన్నది కేసరాల సముదాయమే. ఇప్పుడు లెన్సు పెట్టండి. కేసరాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. కీలాగ్రం చుట్టూ ఉంగరంలా ఉన్న పొట్టివి ఒకటి, పడగ కింద వేలాడే పొడుగువి ఇంకొకటి. ఉంగరంలోని పుప్పొడే విత్తనం కట్టడానికి పనికొస్తుంది. పడగలోని పుప్పొడి మొలకెత్తదు, అది తుమ్మెదలకి పెట్టే భోజనం. ఈ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద ఆ పడగ కింద దూరి తింటుంటే ఉంగరంలోని అసలు పుప్పొడి దాని వీపుకి అంటుకుంటుంది. వంధ్య కేసరాలు అని పాఠంలో ఒక్క లైనులో దాటేసేది ఇక్కడ వేలితో తాకి చూడొచ్చు.

శివాలయాల్లో ఈ చెట్టు పెంచుతారు కాబట్టి మన దేశపుదేనని అందరూ అనుకుంటారు. ఇది దక్షిణ అమెరికా అడవులది. పేరు పెట్టినవాడు ఔబ్లే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త, 1775లో. పడగ, దాని కింద లింగం లాంటి ఆకారం చూసి మనవాళ్లు సొంతం చేసుకున్నారు. కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి, అడ్డకొలత 15 నుంచి 20 సెంటీమీటర్ల పైనే. పగిలితే కుళ్లు వాసన. కాయల కింద నిలబడి ఫోటోలు తీయొద్దు. గాలి లేకపోయినా రాలతాయి, నెత్తిన పడితే ప్రమాదమే.

రెండు బూరుగులు. ఇవి పోల్చి చూడాల్సినవి. తెల్లబూరుగు, అంటే సీబా పెంటాండ్రా, లాల్‌బాగ్‌లో అందరూ ఆగి ఫోటో దిగే భారీ చెట్టు. మాను అడుగున గోడల్లా లేచిన వేళ్లు ఉంటాయి, మనిషి వాటి మధ్య దాక్కోవచ్చు. మన ఊళ్లలో ఎర్రగా పూసే బూరుగు వేరు, అది బాంబాక్స్ సీబా. ఒకదాని జాతి పేరు ఇంకోదానికి ప్రజాతి పేరు కావడంతో పిల్లలు పరీక్షల్లో తికమక పడతారు. తేడా కేసరాల లెక్కలో ఉంది. జనవరిలో రెండూ ఆకు రాల్చి పూతకి వచ్చే రోజులు కాబట్టి కింద పువ్వు దొరికే అవకాశం ఉంది. దొరికితే మీ అమ్మాయి చేత లెక్కపెట్టించండి. తెల్లబూరుగు చిన్న మీగడరంగు పువ్వులో ఐదే ఐదు. ఎర్రబూరుగు పువ్వు దోసిలంత ఉంటుంది, బరువుగా ఉంటుంది, కేసరాలు అరవై దాటతాయి. పెంటాండ్రా అంటేనే ఐదు కేసరాలది అని అర్థం. దిండ్లకి దూది రెండింటి నుంచీ తీస్తారు.

అశోకం, నరమామిడి. ఇంటి గోడ పక్కన స్తంభంలా పెరిగే చెట్టుని అశోకం అని అమ్ముతారు, అందరూ అదే అంటారు. అది నరమామిడి. ఆకు ఒకటే పొడుగ్గా, అంచులు అలలు అలలుగా ఉంటుంది. అసలు అశోకం, సీత అశోకం, సరాకా అసోకా. దాని ఆకు సంయుక్త పత్రం, అంటే ఒకే కాడకి నాలుగైదు జతల పత్రకాలు (చిన్న ఆకుల్లాంటివి) ఉంటాయి. లేత ఆకులు తడిసిన గుడ్డపీలికల్లా కిందికి వేలాడుతుంటాయి, రంగు ఇటుకకీ రాగికీ మధ్య. వాడిపోయాయనుకుంటారు, కాదు, కొన్ని రోజుల్లో పచ్చబడి గట్టిపడతాయి. జనవరిలో పూత అప్పుడే మొదలవుతుంటుంది, ఫిబ్రవరి, మార్చిల్లో నిండుగా ఉంటుంది. పువ్వు దొరికితే ఇంకో సంగతి చూడండి: నారింజ రంగులో ఉన్నవి ఆకర్షణపత్రాలు కావు, రంగు తేలిన రక్షకపత్రాలు (మొగ్గని బయట కప్పి ఉంచేవి). ఆకర్షణపత్రాలు ఈ పువ్వుకి అసలు లేవు.

క్రిస్మస్ చెట్టు అని పిలిచే అరకేరియా. పొడుగ్గా సన్నటి గోపురంలా ఉంటుంది. ఇది అరకేరియా కాలమ్నారిస్, పాత పేరు అరకేరియా కుకీ, పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవుల నుంచి వచ్చింది. నర్సరీల్లో దీన్నే నార్‌ఫోక్ దీవి పైన్ అని అమ్మేస్తారు. ఆ రెండోది అడుగున వెడల్పుగా, విస్తరాకుల దొంతరలా పెరుగుతుంది. ఇది సన్నగా స్తంభంలా పోతుంది. దీనికో వింత గుణం ఉంది. 2017లో ప్రచురించిన పరిశోధనలో 5 ఖండాల్లో 256 చెట్లు కొలిస్తే అవి భూమధ్యరేఖ వైపు వంగి ఉన్నాయని తేలింది, సగటు ఒంపు 8.55 డిగ్రీలు. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి. భూమధ్యరేఖకి దూరం పోయేకొద్దీ ఒంపు ఎక్కువ. బెంగళూరు 13 డిగ్రీల దగ్గరే ఉంది కాబట్టి మరీ కొట్టొచ్చినట్టు ఉండదు. ఫోన్లో దిక్సూచి తెరిచి, చెట్టుకి తూర్పునో పడమరనో నిలబడి చూడండి. ఉత్తరం వైపు నుంచి చూస్తే ఒంపు మీకు ఎదురుగా పోతుంది, నిటారుగా ఉందని మోసపోతారు.

మహాగని. దీన్ని కింద పడ్డ కాయ ముక్కలతోనే గుర్తుపడతారు. కొబ్బరిచిప్పంత గట్టిగా, గోధుమరంగులో ఐదు పెంకులు అడుగు నుంచి విడిపోతాయి. నడుమ ఐదు పలకల బెండు మిగులుతుంది. విత్తనం రెక్కతో సహా చేత్తో పైకి ఎగరేస్తే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. పెద్దాకు మహాగని విత్తనం రెక్కతో కలిపి 7 సెంటీమీటర్లు దాటుతుంది, చిన్నాకుది దాదాపు అందులో సగం. స్కేలు అందుకే తెమ్మన్నాను.

సాసేజ్ చెట్టు, కిజీలియా ఆఫ్రికానా, దూరం నుంచే తెలిసిపోతుంది. సొరకాయలంత కాయలు తాళ్లకి కట్టి వేలాడదీసినట్టు ఉంటాయి. ముదురు ఎరుపు పూలు రాత్రి విచ్చి పొద్దునకి రాలిపోతాయి, గబ్బిలాలు పరాగసంపర్కం చేస్తాయి. ఇక్కడా కాయల కింద నిలబడొద్దు, కిలోల బరువుంటాయి. నిద్రగన్నేరు మనకి కొత్త కాదు, చూసుకుంటూ పోండి. గులాబీ రంగు టబీబుయా జనవరిలో పూస్తూ ఉంటే మీరు చెప్పకపోయినా అందరూ అక్కడే ఆగుతారు.

బోర్డుల్ని గుడ్డిగా నమ్మకండి. రెండు రకాల తప్పులు వస్తాయి. ఒకటి, పేరు మారిపోవడం. నరమామిడి పాత పేరు పాలియాల్థియా, ఇప్పుడు మోనూన్; కొన్ని టబీబుయాలు ఇప్పుడు హాండ్రోయాంథస్. బోర్డు పాతది, చెట్టు అదే. ఇది తప్పు కూడా కాదు, రెండు పేర్లూ రాసుకుంటే సరి. రెండోది ఇబ్బందిపెట్టేది: చెట్టు పడిపోయాక బోర్డు మిగిలిపోవడం, లేదా రెండు చెట్ల మధ్య పాతిన బోర్డు ఏ చెట్టుదో తెలియకపోవడం. ఆకు, కాయ చూసి బోర్డుతో సరిపోల్చడం అలవాటు చేయండి. బోర్డు చూసి ఆకుని ఒప్పించడం కాదు.

ఇక్కడ మనవాళ్లకి ఒక వీలు ఉంది. కన్నడ లిపి మనకి చాలావరకు చదవడానికి వస్తుంది, పేర్లూ దగ్గరే. బూరుగ అంటే బూరుగు, బేవు అంటే వేప, నేరళె అంటే నేరేడు, మత్తి అంటే మద్ది, సంపిగె అంటే సంపెంగ. తెలియనివి మూడు గుర్తుపెట్టుకోండి: ఆల అంటే మర్రి, అరళి అంటే రావి, హొంగె అంటే కానుగ.

ఫోన్ యాప్‌లు ఎక్కడ బోల్తా కొడతాయి? పత్రకాన్ని ఆకు అనుకుని ఫోటో తీయడం దగ్గర. నూటికి తొంభై తప్పుడు పేర్లు ఇక్కడే పుడతాయని నా అంచనా. ఆకు ఏదో తేల్చడానికి ఒకటే గుర్తు: కాడ మొదట్లో, కొమ్మకి అతుక్కున్న చోట గ్రీవపు మొగ్గ ఉంటే అక్కణ్నుంచి మొదలయ్యేదంతా ఒక ఆకు. మొగ్గ లేకపోతే అది పత్రకం, ఇంకా వెనక్కి వెళ్లండి. నిద్రగన్నేరు లాంటివాటికి ఒక్క ఆకే జానెడు పైన ఉంటుంది. ఫోటోలు ఈ వరసలో తీయించండి: మొత్తం చెట్టు, బెరడు, కొమ్మకి ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటా అన్నది, ఆకు పైన, ఆకు అడుగు, పువ్వు పక్క నుంచి, పువ్వు పై నుంచి, కాయ. ఆకాశం ముందు తీసేటప్పుడు ఆకు నల్లబడుతుంది, స్క్రీన్ మీద వేలు పెట్టి వెలుతురు కొంచెం పెంచుకోవాలి. ఒక చెట్టు ఫోటోలు అయ్యాక అరచేయి ఫోటో ఒకటి తీయమనండి. ఇంటికి వెళ్లాక ఏ చెట్టు ఎక్కడ ముగిసిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

బోన్సాయ్ తోట, పూలగడియారం, కత్తిరించిన మొక్కల బొమ్మలు టైం మిగిలితేనే. గ్లాస్‌హౌస్‌కి 1889లో పునాదిరాయి వేశారు. షో లేని రోజుల్లో లోపల ఖాళీగా ఉన్నా ఆ ఇనుప కట్టడం చూడదగ్గదే.

బండ మాత్రం వదలొద్దు. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే పట్టీల శిల, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. చాలామంది పైకెక్కి ఊరు చూసి దిగిపోతారు. వంగి చూస్తే నలుపు, తెలుపు పట్టీలు మెలికలు తిరిగి ఉంటాయి. వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి మడతలు పడిన ఆనవాలు అది. తోటలోనే తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన శిలాజ వృక్షం ఒకటి ఉంది, సుమారు 2 కోట్ల ఏళ్లది. చెక్క గీతలు రాయిలోనే కనిపిస్తాయి. అది చూశాక బండ వయసు చెబితే పిల్లలకి అంకె తలకెక్కుతుంది.

పెద్ద చెట్ల కొమ్మలకి, కట్టడాలకి కొండతేనెటీగల పట్టులు వేలాడుతుంటాయి. అత్తరు పూసుకుని వెళ్లొద్దు, పట్టు కింద కేకలు, రాళ్లు వద్దు. ఒకటి కుట్టి గుయ్యిమంటూ వెంటపడితే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరంగా నడిచిపోవాలి. చెరువులో దూకే ఆలోచన వద్దు, నీళ్లపైనే కాచుకుని ఉంటాయి.

మొక్కలు కొనాలంటే లోపల నర్సరీమెన్ సహకార సంఘం అమ్మకాలు ఉన్నాయి, బయట సిద్ధాపుర వైపు నర్సరీలు ఉన్నాయి. రైల్లో తెచ్చుకోవాలంటే పెద్ద కుండీ వద్దు, ఆరంగుళాల సంచిలో ఉన్నది తీసుకోండి. ముందు రోజు నీళ్లు పోసి, ఎక్కే రోజు పోయకుండా, మట్టి కదలకుండా సంచి మూతి కట్టించండి. నాగమల్లి మొక్క చూసి ముచ్చటపడి తెచ్చేవాళ్లు చాలామంది. ఇంటి గేటు పక్కన నాటడానికి కాదు అది. కాయ కాసే రోజున దాని కింద దారి గానీ, పార్క్ చేసిన బండి గానీ, ఆడుకునే పిల్లలు గానీ లేనంత చోటు ఉంటేనే తీసుకోండి. లేకపోతే సీత అశోకం తెచ్చుకోండి. కొంచెం నీడ, నెమ్ము ఉండే మూల చాలు దానికి. కొనేటప్పుడు ఆకు సంయుక్తమో కాదో చూసి మరీ డబ్బు ఇవ్వండి.